పచ్చగా కనిపించిన దీవి

ఈ సంగతి రాసిపెట్టకపోతే అబద్ధమే చరిత్రగా మిగిలిపోతుంది. ఈ భయం నాకు ఈమధ్యే పట్టుకుంది. పోయిన నెల, ఇక్కడ సింగపూర్‌లో విశ్వవిద్యాలయంలో అంటురోగాల మీద పరిశోధన చేస్తున్న మన తెలుగమ్మాయి ఒకతె యూ టీ పేటలోని మా ఫ్లాట్‌కి వచ్చింది. ఎక్కడో ఒక పాత నివేదిక సంపాదించి తెచ్చింది. అందులో ఒక వాక్యం మీద పసుపు రంగు పూసి ఉంది. ఒక మారుమూల దీవిలో డెంగీ విజృంభిస్తుంటే మా కంప్యూటర్ వ్యవస్థ తనంతట తానే సకాలంలో పసిగట్టిందని ఆ వాక్యం సారాంశం.

"అంకుల్, ఆ సిస్టం రాసింది మీరేనట కదా! ఆ రోజుల్లోనే అంత ముందుచూపు ఎలా వచ్చింది?" అని అడిగింది.

నేను కాఫీ ఇచ్చి, తగినంత వినయం చూపించి, తల ఊపాను.

ఆ అమ్మాయి లిఫ్ట్ ఎక్కాక మా ఆవిడ కప్పులు తీస్తూ, "పాపం, ఆ పిల్ల దాన్ని థీసిస్‌లో రాసేస్తుందేమో" అంది. అసలు సంగతి ఆవిడకు తెలుసు. అందుకని, ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. తనంతట తానే, సకాలంలో, పసిగట్టింది అన్న మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాదు.

నేను చదివింది పాలిటెక్నిక్ డిప్లొమా. నంద్యాల దగ్గర ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో సరుకుల జాబితాలకు ప్రోగ్రాములు రాసేవాణ్ణి. రెండువేల సంవత్సరం వస్తే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పెద్ద దేశాలన్నీ వణికిపోతున్న రోజుల్లో, ఆ ఉపద్రవాన్ని ఆపే వేలమందిలో ఒకడిగా సింగపూర్ వచ్చాను. ఆ సంవత్సరం వచ్చింది, ఏమీ కాలేదు. ఉపద్రవాన్ని ఆపడానికి వచ్చిన మా అందరికీ కొత్త ఉపద్రవాలు వెతకాల్సి వచ్చింది. నాకు జ్వరాలు దొరికాయి.

మా ఆఫీసు ఆంగ్ మో కియోలోని పారిశ్రామికవాడలో, ఒక భవనం మూడో అంతస్తులో ఉండేది. కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటరు, పైన మేము. చుట్టుపక్కల దేశాల్లోని చిన్న చిన్న ఆస్పత్రుల నుంచి ప్రతి సోమవారం జ్వరాల వివరాలు వచ్చేవి. ఏ ఊళ్ళో ఎన్ని కేసులు, పోయిన వారం కంటే పెరిగాయా తగ్గాయా అన్నది మేము ఒక పటం మీద చూపించాలి. శుక్రవారం మా పెద్ద డాక్టరుగారు ఆ పటం చూసి, మా దగ్గరున్న ఒకే ఒక్క సహాయ బృందాన్ని ఎక్కడికి పంపాలో నిర్ణయించేవారు. ఇద్దరు డాక్టర్లు, ఒక లాబ్ మనిషి, సెలైన్ పెట్టెలు, పరీక్ష కిట్లు. అవి ఒక చోటికి వెళ్తే ఇంకో చోటికి లేనట్టే. మిగతా సాంకేతిక విషయాలు మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

నాకు వైద్యం రాదు. కానీ లైబ్రరీ కార్డు ఉంది. ఆంగ్ మో కియో లైబ్రరీలో అంటురోగాల అధ్యయనం మీద ఇటుకరాయంత పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని గడువు పొడిగించుకుంటూ నాలుగు నెలలు నా దగ్గరే పెట్టుకున్నాను. యూ టీలో రైలెక్కితే ఆంగ్ మో కియో దాకా ఒకటే లైను, మారే పని లేదు. పొద్దున పది పేజీలు, సాయంత్రం పది పేజీలు. గణితం ఉన్న అధ్యాయాలు రెండేసిసార్లు చదివాను. ఫారాలు నింపించడం, వివరాలు రాబట్టడం గురించి మొదట్లో ఒక అధ్యాయం ఉంటే, ఇది గుమాస్తాల పని అనుకుని దాటేశాను. ఎమ్.బి.బి.ఎస్. చదివినవాళ్ళ ముందు పరిభాష వాడి, వాళ్ళు కనుబొమలు ఎగరేస్తే నాకు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. ఇప్పటికీ ఆ బలహీనత పోలేదు, చూస్తూనే ఉన్నారు కదా.

ఇక ఆఫీసులో అందరం ఆంటీ అని పిలిచే ఆవిడ సంగతి. నేను రాకముందు ఆ సోమవారం వివరాలన్నీ రాబట్టింది ఆవిడే. తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చిన కుటుంబం. చదువు ఎనిమిదో తరగతి. తమిళం, మలయ్, ఇంగ్లీషు, ఇంట్లో తాత దగ్గర నేర్చుకున్న తెలుగు అన్నీ కలిపి ఒకే భాషగా మాట్లాడేది. ఆవిడ బల్ల మీద ఒక ఫోను, ఒక పొడవాటి రిజిస్టరు. సోమవారం పదింటికి మొదలుపెట్టి సాయంత్రం దాకా ఒక్కో ఆస్పత్రికి ఫోన్ చేసేది. ఎవరు ఎత్తినా మొదటి ప్రశ్న "మకాన్ అయిందా?" అన్నదే. భోజనం అయిందా అని. ఆ తర్వాతే జ్వరాలు.

రిజిస్టరులో చివరి గడికి శీర్షిక లేదు. కొన్ని వారాలు ఖాళీగా, కొన్ని వారాలు నల్లచుక్క. ఇదేమిటని అడిగాను.

"మూడు గంటలకి ఫోన్ సేసినా నర్సమ్మ తిన్లేదందనుకో, సుక్క ఎడతాను" అంది.

"ఎందుకు?"

"పని ఎక్కువైపోనాదని. నెంబరు తరవాత సెప్తారు తంబీ. ఆకలి ముందు సెప్తాది."

నేను నవ్వాను. ఇలాంటి సూచిక నమ్మదగినదా కాదా అని తేల్చడానికి రెండు కొలమానాలు ఉంటాయని, వాటి పేర్లతో సహా ఆవిడకు వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, "నువ్వు తిన్నావా?" అంది.

నేను రాస్తున్న కొత్త వ్యవస్థలో ఆ గడి ఉండదు. నల్లచుక్కను ఏ రకం డేటా అనాలో నాకు తెలియలేదు, అందుకని తీసేశాను. ఇకమీదట ఆస్పత్రులే ఇంటర్నెట్‌లో ఫారం నింపుతాయి. నింపకపోతే కంప్యూటర్ మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి గుర్తుచేస్తుంది. నెలరోజులు ఆంటీ ఫోన్లు, నా ఫారాలు రెండూ కలిసి నడిచాయి. అన్ని ఆస్పత్రులూ చక్కగా నింపాయి. ఎందుకు నింపవు? ప్రతి సోమవారం ఆంటీ ఫోన్ చేసి, "మా తంబీ ఏదో పెట్టినాడు, ఒకపాలి నొక్కండి" అని చెప్పేది. ఆ ముక్క నాకు తర్వాత తెలిసింది. నెల తిరిగాక ఆవిడ ఫోనుకు విదేశీ కాల్స్ ఆపేశారు. ఇక చేయాలంటే ఒక కోడ్ కావాలి. అది మేనేజరు దగ్గరా నా దగ్గరా మాత్రమే ఉంది. ఆంటీకి పాత రిజిస్టర్లు వరసగా సర్ది బైండింగుకి పంపే పని అప్పగించారు.

పటంలో నాలుగు రంగులు పెట్టాను. మామూలుగా ఉంటే ఆకుపచ్చ, పెరుగుతుంటే పసుపు, హద్దు దాటితే ఎరుపు, వివరం రాకపోతే బూడిద. మా మేనేజరు ఈ ఊరి చైనీస్ మనిషి, చెడ్డవాడు కాడు, కానీ ప్రతి పనినీ దాన్ని చూడబోయే అతిథి కళ్ళతో చూసేవాడు. బూడిద రంగు ఆయనకు నచ్చలేదు. ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి అన్నాడు:

"ఐయా, ఈ గ్రే ఏంటి లా? మనమేదో పని చెయ్యనట్టు ఉంది. తీసెయ్."

"వివరం రాకపోతే ఏ రంగు వెయ్యాలి సార్?"

"కేసులుంటే వాళ్ళే చెప్తారు కదా. చెప్పలేదంటే లేవన్నమాట. గ్రీన్ వెయ్ లా."

నాకూ అది సౌకర్యంగానే ఉంది. ఖాళీ గడి ఎదురైతే నా సగటు లెక్క ఆగిపోయేది. దాన్ని సరిచేయడానికి వారం పడుతుంది. సున్న పెడితే ఒక్క వరుసతో పోతుంది. పెట్టాను.

నా పక్క సీటులో వరంగల్ కుర్రాడు ఒకడు టెస్టింగ్ చేసేవాడు. అతను దీన్ని పట్టుకుని తప్పుల జాబితాలో ఫిర్యాదు రాశాడు.

"అన్నా, రాలేదంటే రాలేదనాలె. సున్న అంటే సున్ననాలె. రెండు ఒక్కటెట్లయితయే?"

"డిజైన్ అలాగే ఉందిలే."

"గా డిజైన్ ఎవడు చేసిండు?"

"నేనే."

"మంచిగుంది. గట్లనే రాసుకుంటా" అని, ఫిర్యాదు మూసేసి, కారణం దగ్గర 'అన్న డిజైన్' అని రాశాడు.

ఆంటీ ఫోన్లు ఇంకా నడుస్తుండగానే వానలు మొదలయ్యాయి. మా జాబితాలో ఒక చిన్న దీవి ఉంది. పడవలో చేరాలి. ఇరవై మంచాల ఆస్పత్రి, ఒక డాక్టరు, ఆస్పత్రిని నిజంగా నడిపించే ఒక సిస్టరు. అక్కడ డెంగీ కేసులు ఒక వారం నాలుగు, తర్వాత ఆరు, ఆపైన పదకొండు. పటంలో పసుపు. ఆ తర్వాత వారం సున్న. మరుసటి వారం సున్న. మూడో వారమూ సున్న. ఆకుపచ్చ.

ఆ గీతను చూసి నేను మురిసిపోయాను. పుస్తకంలో సరిగ్గా ఇలాంటి బొమ్మే ఉంది. జ్వరం ఎక్కుతుంది, శిఖరం చేరుతుంది, దిగుతుంది. మాది శిఖరం మరీ నిటారుగా దిగింది, అంతే. రెండో శుక్రవారం పెద్ద డాక్టరుగారి ముందు దాని మీద పది నిమిషాలు మాట్లాడాను కూడా. ఆయన కళ్ళజోడు తీసి, "నీకు ఇదంతా ఎవరు నేర్పారు?" అన్నారు. "లైబ్రరీ" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో అంతకన్నా సుఖమైన మాట మళ్ళీ అనలేదు.

మూడో శుక్రవారం మా మేనేజరుకు పెద్ద రోజు. మా వ్యవస్థను కొనాలా వద్దా అని చూడటానికి ఇంకో దేశం నుంచి నలుగురు అతిథులు వస్తున్నారు. వాళ్ళు కొంటే మా కాంట్రాక్టు పొడిగిస్తారు, దాంతోపాటే నా వర్క్ పాసు. ఆ రోజే సహాయ బృందాన్ని ఒక నగరానికి పంపాలని డాక్టరుగారు ఇంచుమించు నిర్ణయించుకున్నారు. ఆ నగరంలో కేసులు ఎక్కువ. వివరాలు క్రమం తప్పకుండా పంపేవాళ్ళకు కేసులు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయని అప్పటికి నాకు తట్టలేదు.

సమావేశానికి ఇరవై నిమిషాలుంది. నా కంప్యూటర్ మీద పటం తెరిచి రంగులు సరిచూసుకుంటున్నాను. ఆంటీ చేతినిండా రిజిస్టర్లతో అటుగా పోతూ ఆగింది.

"అదేటి తంబీ, ఆ దీవి పచ్చగున్నాది?"

"జ్వరాలు తగ్గిపోయాయి ఆంటీ. మూడు వారాలుగా సున్న."

"సున్నని ఎవులు సెప్పినారు?"

"సిస్టం."

"సిస్టరు సెప్పినాదా?"

"సిస్టం చెప్పిందంటే సిస్టరు చెప్పినట్టే ఆంటీ."

"కాదు లా. ఆ సిస్టరు సున్న అంటే ఊరికే సెప్పదు. 'ఈ వారం నాకు హాలిడే, నువ్వు కుళ్ళుకో' అని నవ్వతాది. నేను ఆకరిపాలి ఫోన్ సేసినప్పుడు నాలుగ్గంటలకీ తిన్లేదు." రిజిస్టరు నా కీబోర్డు మీదే తెరిచి, నల్లచుక్క మీద వేలు పెట్టింది. "ఫోన్ కోడ్ ఇయ్యి."

"మీటింగ్ అయ్యాక చేద్దాం ఆంటీ."

"మీటింగులో జనాన్ని ఎక్కడికో పంపేస్తారు కదా. అయ్యాక సేసి ఏటి సేస్తావు?"

 నా దగ్గరున్న జవాబు పైకి అనగలిగింది కాదు. ఫోన్ చేస్తే, పటం తప్పని తేలితే, ఆ నలుగురు అతిథుల ముందు నా పరిస్థితి ఏమిటి? ఇంటి అద్దె ఒప్పందం మొన్ననే రాసుకున్నాను, పిల్లవాణ్ణి ఇక్కడి బడిలో చేర్చాను. ఇదంతా తలలో తిరుగుతుంటే, పక్క నుంచి వరంగల్ కుర్రాడు తన స్క్రీను నా వైపు తిప్పాడు. దీవి వరుస తెరిచి ఉంది. కేసుల గడిలో మూడు సున్నలు. ఫారం చేరిన తేదీ గడిలో మూడుసార్లూ ఏమీ లేదు.

"పంపనేలేదన్నా" అన్నాడు మెల్లగా. "గా సున్నలు మనయే."

కోడ్ ఇచ్చాను.

ఆంటీ దీవి ఆస్పత్రి ఆఫీసు నంబరు తిప్పింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. మూడోసారి రిజిస్టరు అట్ట లోపల పెన్సిలుతో రాసుకున్న వార్డు నంబరు తిప్పింది. చాలాసేపటికి ఎవరో ఎత్తారు. కాపలా మనిషట. ఆంటీ మలయ్‌లో మాట్లాడుతూ, మధ్యమధ్య మాకు తెలుగులో చెప్పింది.

"మకాన్ అయిందా అంటే, వంటోడే పడుకున్నాడు, ఎవులు వండతారంటున్నాడు... సిస్టరుకీ జ్వరమేనట. మంచం మీదున్నాది, మాట్లాడలేదట... డాక్టరు ఒక్కడే తిరగతన్నాడు. కంప్యూటర్ గదికి తాళం ఏసున్నాది, తాళం సిస్టరు దగ్గరున్నాది."

మా కంప్యూటర్ ఆ తాళం వేసిన గదిలోకి మూడు మర్యాదపూర్వకమైన ఈమెయిళ్ళు పంపింది.

"ఎంతమంది ఉన్నారో అడగండి ఆంటీ."

"లెక్క రాదంటున్నాడు. ఉండు." ఆవిడ గొంతు మారింది. చిన్నపిల్లాడికి ఎక్కాలు చెప్పినట్టు ఆ మనిషిని వార్డు వెంట నడిపించింది. అతను ఫోను పక్కన పెట్టి వెళ్ళడం, తిరిగొచ్చి ఒక అంకె చెప్పడం, ఆవిడ గీతలు గీయడం. "మంచాలమీద ఎంతమంది? ఒక్కో మంచానికి ఇద్దరున్నారా? అయితే ఇద్దరనే సెప్పు. ఇప్పుడు నేలమీద. వరండాలో. పిల్లల్ని ఇడిగా సెప్పు." అడిగింది, రాసుకుంది, అడిగింది. ఆఖరున, "సెలైన్ సీసాలు?" అంది. అతను చెప్పింది విని పెన్సిలు కింద పెట్టేసింది. "రేపటిదాకా" అంది మాతో.

గీతలు నేను లెక్కపెట్టాను. అరవై మూడు.

సమావేశం మొదలైపోయింది. నేను లాప్‌టాప్ పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి మేనేజరు నవ్వుతూ చెమటలు కక్కుతున్నాడు. తీగ తగిలించాను, గోడ మీద పటం వెలిగింది. అతిథులు ముచ్చటగా చూస్తున్నారు. నేను నిలబడే ఆ వారం గడిలో అరవై మూడు అని కొట్టాను. గోడ మీద దీవి ఆకుపచ్చ నుంచి నేరుగా ఎరుపుకు మారింది.

 మా మేనేజరు లేచాడు. అతనికి ఏమీ తెలియదు, పాపం. కానీ అవకాశం ఎదురుగా నిలబడితే వదిలే మనిషి కాడు.

"చూశారా? రియల్ టైమ్!" అన్నాడు.

అతిథులు చప్పట్లు కొట్టారు.

పెద్ద డాక్టరుగారు మాత్రం కొట్టలేదు. "ఈ రిపోర్టు ఇప్పుడే వచ్చిందా?" అని నన్ను అడిగారు.

"అవును డాక్టర్. ఇప్పుడే."

అక్షరాలా నిజం. జీవితంలో చాలా అబద్ధాలు ఆడి మరిచిపోయాను. ఈ నిజం ఒక్కటి మరిచిపోలేకపోతున్నాను.

ఆయన అక్కడికక్కడే నగరం ప్రయాణం ఆపించారు. బృందం సెలైన్ పెట్టెలన్నీ వేసుకుని మరునాడు పొద్దున దీవికి పడవెక్కింది. చాలామంది బతికారు. అందరూ కాదు. బృందం వెళ్ళేలోపు పోయినవాళ్ళు ఎందరో నాకు తెలియదు. ఆ అంకె నేను అడగలేదు, నా పటంలో దానికి గడి కూడా లేదు. మూడు వారాల ముందే ఒక ఫోన్ చేసి ఉంటే ఎందరు మిగిలేవారో ఏ పుస్తకంలోని గణితంతోనూ తేలదు.

నివేదిక ముసాయిదా సరిచూడమని నా దగ్గరికే వచ్చింది. ఆ తెలుగమ్మాయి చూపించిన పసుపు పూసిన వాక్యం అందులో ఉంది. బొమ్మల కింద వ్యాఖ్యలు సరిచేశాను, ఒక పట్టికలో వరుస మార్చాను, ఆ వాక్యం జోలికి పోలేదు. వారం తర్వాత పటంలో బూడిద రంగు మళ్ళీ పెట్టాను. మార్పుల చిట్టాలో 'స్వల్ప సవరణ' అని రాసుకున్నాను. లైబ్రరీకి వెళ్ళి, దాటేసిన అధ్యాయం అక్కడే నిలబడి చదివాను. మొదటి పేజీలోనే ఉంది: 'ఏమీ లేదు' అని చెప్పడం వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు. పుస్తకం ఆ రోజే తిరిగి ఇచ్చేశాను.

అతిథులు వ్యవస్థను కొన్నారు. నా పాసు పొడిగించారు. వ్యవస్థ అంత బాగా పనిచేస్తోంది కనుక ఫోన్లు చేసే మనిషి అక్కర్లేదని ఆ ఏడాది చివర ఆంటీకి ఉత్తరం ఇచ్చారు. చివరి రోజు కింద హాకర్ సెంటర్లో టిష్యూ పొట్లం పడేసి మా ముగ్గురికీ టేబుల్ చోప్ చేసిపెట్టింది, అంటే ఇక్కడి పద్ధతిలో ముందే ఆపిపెట్టింది. నేను అన్నం కెలుకుతూ, డాక్టరుగారికి అసలు సంగతి చెప్పి ఉండాల్సింది అన్నాను.

"సెప్తే ఏటవును? నీకూ ఉత్తరం ఇచ్చేవోళ్ళు. ఇద్దరం రోజూ ఇక్కడే కూకుని ఈగలు తోలుకునేవోళ్ళం."

"ఆంటీ, నిజంగా..."

"నీ సిస్టం మంచిదే తంబీ. దానికి ఫోన్ సెయ్యడం ఒకటి రాదు, అంతే" అంది. వరంగల్ కుర్రాడు ఎంత నవ్వాడంటే పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. నేను కూడా నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఇక పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. కానీ మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ బయటపెట్టనని ఉద్యోగంలో చేరిన రోజు సంతకం పెట్టాను, ఆ ఒక్క మాటైనా నిలబెట్టుకుంటాను. తన ఫిర్యాదును నేను మూసేయించినా స్క్రీను నా వైపు తిప్పిన వరంగల్ తమ్ముడికి కృతజ్ఞతలు. నా మొహం చూసి ఏదో అనుమానించినా, ముందు పడవ సంగతి చూసిన పెద్ద డాక్టరుగారికి. తెలియకుండానే నన్ను కాపాడి, తెలియకుండానే నాకు ఈ శిక్ష వేసిన మేనేజరుగారికి. లెక్క రాదంటూనే వార్డంతా లెక్కపెట్టిన కాపలా మనిషికి. ఇప్పుడు బిషాన్‌లో కూతురి దగ్గర ఉంటూ, ఇది రాస్తున్నానంటే "నా పేరు ఎయ్యకు, మళ్ళీ పనికి పిలుస్తారు" అన్న ఆంటీకి.

ఇక ఆ దీవి సిస్టరుకి. ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. కోలుకుని లేచాక ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆ రోజు ఆంటీ సెలవు, నేనే ఎత్తాను. ఆమె కృతజ్ఞతలు చెప్తే ఎంత వినయంగా స్వీకరించాలో మనసులో ఇంగ్లీషు వాక్యం కూర్చుకుంటున్నాను. ఆమె ఆంటీ ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. మిగతావాళ్ళు? అందరం బాగున్నామన్నాను. అటువైపు పెద్ద నిట్టూర్పు వినిపించింది.

"దేవుడి దయ. మూడు సోమవారాలు మీ దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. జ్వరంలో రోజూ అడుగుతూనే ఉన్నాను, సింగపూర్ ఫోన్ వచ్చిందా అని. రాలేదనేసరికి, మీకందరికీ ఏదో అయిపోయిందనుకున్నాను."